పుదీనా, తులసి లాంటి వాసన మొక్కల్ని కోశాక ఎలా శుభ్రం చేయాలి, ఎలా ఆరబెట్టాలి?

పుదీనా అయినా తులసి అయినా రోజ్‌మేరీ అయినా పెంచడం పెద్ద కష్టం కాదండీ, కోసిన తర్వాతే అసలు పని మొదలవుతుంది. చాలామంది కోసిన వెంటనే ఎండలో పరిచేస్తారు, సాయంత్రానికి గలగలలాడుతూ ఎండిపోతాయి, కానీ చేత్తో నలిపి చూస్తే ఎండుగడ్డి వాసన తప్ప ఇంకేం రాదు. ఆ సువాసనంతా ఆకు పైన ఉండే సన్నటి గ్రంథుల్లోని నూనెది. వేడి తగిలితే అది ఆవిరైపోతుంది, ఎండకి ఆకు రంగు కూడా వెలిసిపోతుంది. కాబట్టి నీడన, గాలికే ఆరాలి.

ముందు కోత సంగతి. మొగ్గలు కనబడుతూ పూలు ఇంకా విచ్చుకోని టైమ్‌లో చాలా వాసన మొక్కల్లో నూనె బాగా ఉంటుంది, అప్పుడు కోయండి. పొద్దున మంచు ఆరిపోయాక, ఎండ ముదరక ముందు కోస్తే మంచిది. వాన పడిన రోజు మాత్రం వద్దు. కత్తెర పదునుగా ఉండాలి, కణుపుకి కాస్త పైన కత్తిరిస్తే అక్కడి నుంచే మళ్ళీ చిగుళ్లు వస్తాయి.

కోశాక ఒక్కో రెమ్మ చూసుకుంటూ పండిపోయిన ఆకులు, మచ్చలున్నవి, పురుగు కొరికినవి తీసేయండి. కాడ అడుగున మూడు నాలుగు అంగుళాల మేర ఆకులన్నీ దూసేయాలి, ఎందుకంటే కట్ట కట్టే చోట ఆకులుంటే గాలాడదు, బూజు ముందు పట్టేది అక్కడే. మట్టి ఉంటే చల్లటి నీళ్లలో ముంచి తీసి, బాగా విదిలించి, నూలు గుడ్డ మీద పైతడి పూర్తిగా ఆరనివ్వండి. మిగతా ఆకుల్ని ఇప్పుడు తరగొద్దు, నలపొద్దు, నలిగిన చోటల్లా నల్లబడుతుంది.

ఇక వేలాడదీయడం. ఐదారు రెమ్మలు కలిపి చిన్న కట్టలుగా కట్టండి, పని తొందరగా అవుతుందని లావు కట్టలు కడితే మధ్యలో ఆకులు కుళ్లిపోతాయి. దారం కన్నా రబ్బరు బ్యాండు నయం, ఆరేకొద్దీ కాడలు సన్నబడతాయి కదా, దారమైతే వదులై రెమ్మలు జారి పడిపోతాయి. తలకిందులుగా, ఒకదానికొకటి తగలకుండా, ఎండ పడని గదిలో వేలాడదీయండి. ఫ్యాన్ ఉంటే మంచిదే, కానీ గాలి నేరుగా కట్టల మీదకి కాకుండా గదిలో తిరిగేలా పెట్టండి. బాత్రూమ్ పక్కన, స్టవ్ పైన మాత్రం వద్దు.

అన్ని మొక్కలూ ఒకేలా ఆరవు. రోజ్‌మేరీ, థైమ్ లాంటి వాటిలో నీరు తక్కువ, కట్టలు కట్టి వదిలేసినా ఇబ్బంది పెట్టవు. పుదీనా, తులసి ఆకుల్లో నీరు ఎక్కువ, ఆలస్యమైతే నల్లబడతాయి, బూజూ పడుతుంది, అందుకే గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు వీటిని వేలాడదీయకుండా ఆకులు దూసి జల్లెడ మీద ఒక్క వరసలో పరచడమే మంచిది. ముసురు పట్టి ఎంతకీ ఆరకపోతే డీహైడ్రేటర్ (సన్నటి వేడిగాలితో ఆరబెట్టే యంత్రం) వాడండి, 35 నుంచి 46 డిగ్రీల సెల్సియస్ మధ్య పెడితే చాలు. ఓవెన్ అయితే తక్కువలో పెట్టినా చాలావాటికి వేడి ఎక్కువైపోతుంది, నేనైతే దాని జోలికి పోవద్దంటాను.

ఆరడానికి వాతావరణాన్ని బట్టి వారం నుంచి రెండు వారాలు పట్టొచ్చు. రోజులు లెక్కపెట్టుకోవడం కన్నా ముట్టుకుని చూడడమే నమ్మకం. సన్న కాడని వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి, ఆకు వేళ్ల మధ్య పొడిపొడిగా రాలాలి. ఆకు పెళుసుగా ఉండి కాడ ఇంకా వంగుతోందంటే లోపల తడి ఉన్నట్టే, ఇంకో రెండు రోజులు ఆగండి.

ఆరిందని తేలాక గాజు సీసాలో మూడింట రెండు వంతులు మాత్రమే నింపి మూత బిగించండి. చాలామంది వదిలేసేది ఈ స్టెప్పే, తర్వాత మొత్తం సరుకు పాడైపోయాక బాధపడతారు. పైకి ఎండినట్టు కనబడ్డా కొన్ని ఆకుల్లో తేమ మిగిలే ఉంటుంది, మూత పెట్టాక అది బయటపడుతుంది. ఓ వారం పది రోజులు రోజూ సీసా ఊపి చూడండి. ఆకులు విడివిడిగా కదలాలి. గాజుకి అంటుకుంటున్నా, మూత లోపల చెమ్మ కనబడినా వెంటనే బయటికి తీసి మళ్ళీ ఆరబెట్టండి. ముక్కవాసన వచ్చినా, తెల్లటి నూగు కనబడినా ఏరుకుని దాచుకోవద్దు, ఆ సీసాలోది మొత్తం పారేయండి.

దాచేటప్పుడు ఆకుల్ని పొడి చేయకుండా ఆకులుగానే ఉంచండి, వాడుకునేటప్పుడు నలుపుకుంటే నూనె అప్పటిదాకా నిలుస్తుంది. సీసా మీద మొక్క పేరు, తేదీ రాసి చల్లగా, చీకటిగా ఉండే అలమారలో పెడితే ఏడాది దాకా బాగుంటాయి. ఎండినవి ఘాటు ఎక్కువ, మూడు చెంచాల పచ్చాకు వేసే చోట ఒక చెంచా సరిపోతుంది.

కొత్తిమీరని మాత్రం ఇలా ఆరబెట్టొద్దు, ఎంత జాగ్రత్తగా చేసినా దాని వాసన నిలవదు. కడిగి తడి ఆర్చి, తరిగి ఫ్రీజర్‌లో పెట్టుకోండి.