ఇంట్లో అల్యూమినియం ఫాయిల్ – 4వ పాఠం: ఎక్కడ తగలాలి, ఎక్కడ తగలకూడదు

ఫాయిల్‌తో వేడిని ఎలా ఆపవచ్చో ఈసారి చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి వాయిదా పడింది. గిన్నెలో ఫాయిల్ పరిచి, వంటసోడా కలిపిన వేడి నీరు పోసి, నల్లబడ్డ వెండిని అందులో పెట్టి శుభ్రం చేయడం గత పాఠంలో చెప్పాను. అది చూసి వెండి చెంచాలు శుభ్రం చేయబోయినవారిలో చాలామంది నలుపు కదలలేదని రాశారు. గిన్నె అడుగున ఫాయిల్ పరిచారు, గీతలు పడతాయని దాని మీద గుడ్డ వేశారు, ఆ పైన వెండి పెట్టారు. గుడ్డ వేయమని ఎవరు చెప్పారు?

వెండి ఫాయిల్‌కు తగలాలి. ఒకే నీటిలో పక్కపక్కన ఉంటే చాలదు. ఆ నలుపు మురికి కాదు, సిల్వర్ సల్ఫైడ్ – వెండి, గంధకం కలిసిన పదార్థం. అంటే అందులో ఉన్నది మీ వెండే. అల్యూమినియం వదిలే ఎలక్ట్రాన్లు అక్కడికి చేరితే గంధకం విడిపోయి వెండి తిరిగి వెండిగా మిగులుతుంది. ఆ ఎలక్ట్రాన్లు నీటిలో ఈదుకుంటూ రావు, లోహం నుంచి లోహానికే దాటుతాయి. సోడా నీరు చేసేది వేరే పని: అయాన్లను (విద్యుదావేశం ఉన్న కణాలను) మోసి విద్యుత్ వలయాన్ని పూర్తిచేస్తుంది, ఫాయిల్‌ను కప్పి ఉంచే సన్నని ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది. మధ్యలో గుడ్డ పడితే వలయం తెగిపోతుంది. చెంచా కొస ఒక్కటి తగిలినా పని మొదలవుతుంది. కొస కూడా తగలకపోతే రాత్రంతా నానబెట్టినా వృథా.

నీళ్లు పొగలు కక్కేంత వేడిగా ఉండాలి. వంటసోడా లీటరుకు రెండు పెద్ద చెంచాలు. (నేను కొలవను, గుప్పెడు వేసేస్తాను.) కుళ్లిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతున్నట్టే, కిటికీ తెరవండి. రాళ్లు, ముత్యాలు పొదిగినవీ, అందం కోసం కావాలనే నల్లబరిచిన నగిషీ ఉన్నవీ ఇందులో వేయవద్దు.

రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఒకే తడిలో ఉంటే అది చిన్న బ్యాటరీయే. ఇదే బ్యాటరీ వంటగదిలో మీకు తెలియకుండానే తయారవుతుంది. స్టీలు గిన్నెలో ఉప్పు, పులుపు ఉన్న వంటకం, దాని మీద ఫాయిల్ మూత. ఫాయిల్ అంచు గిన్నెకూ, మధ్యభాగం వంటకానికీ తగులుతాయి. ఇక్కడ ఓడిపోయేది అల్యూమినియం. ఇంట్లో వాడే ఫాయిల్ మందం సుమారు 0.016 మిల్లీమీటర్లే కాబట్టి తెల్లారేసరికి చిల్లులు పడవచ్చు; కరిగిన లోహం వంటకంలో ఉంటుంది. గాజు గిన్నె అయితే బ్యాటరీ ఉండదు, కానీ నిమ్మరసం, వెనిగర్ వంటివి ఆక్సైడ్ పొరను నేరుగానే తింటాయి. మూతగా పళ్లెం ఉండగా ఫాయిల్ ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

మెరిసే వైపు లోపలికా, బయటికా అని మళ్లీ అడగకండి. ఫాయిల్ తయారీలో చివరిసారి రెండు రేకులను జతచేసి రోలర్ల మధ్య నొక్కుతారు. రోలర్‌కు తగిలిన వైపు మెరుస్తుంది, లోపలి వైపు మసకగా కనిపిస్తుంది. వంటింటి పనికి తేడా లేదు.

అభ్యాసం. ముందుగా మీ ఫాయిల్ మందం కనుక్కోండి. 30 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు ముక్కను గ్రాముల్లో తూచి, ఆ బరువును 3000తో, తర్వాత 2.7తో భాగిస్తే మందం సెంటీమీటర్లలో వస్తుంది. 13 గ్రాములు తూగితే 0.0016 వస్తుంది. ఆ తర్వాత ఉప్పు కలిపిన టమాటా గుజ్జును ఒక స్టీలు గిన్నెలో, ఒక గాజు గిన్నెలో నింపి, ఫాయిల్‌ను గుజ్జుకు అంటేలా నొక్కి కప్పి, రాత్రంతా ఉంచండి. పొద్దున గుజ్జు పారేసి, రెండు ముక్కలనూ కడిగి, చీకటి గదిలో దీపానికి అడ్డుపెట్టి చిల్లులు లెక్కించండి. వాడని ముక్కను కూడా అలాగే చూడండి. పలుచని ఫాయిల్‌లో కొత్తగా ఉన్నప్పుడే సూదిమొన చిల్లులు ఉండవచ్చు, వాటిని లెక్కలోంచి తీసేయాలి.