జట్టు ఓడుతూనే ఉందా? బేస్‌బాల్ అభిమానికి సమస్య - పరిష్కారం

ముందు పాయింట్ల పట్టికలో గెలుపోటముల పక్కనుండే పరుగుల తేడా చూడండి. ఎన్నిసార్లు చెప్పినా అది తప్ప అన్నీ చూస్తారు.

సమస్య: "బాగానే ఆడుతున్నాం, అదృష్టం కలిసిరావట్లేదు."

తనిఖీ: చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కట్టండి. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగించి 162తో (సీజన్లో ఒక జట్టు ఆడే ఆటలు) హెచ్చవేస్తే రావాల్సిన గెలుపులు తేలతాయి. 2024లో అమెరికా మేజర్ లీగ్ జట్టు చికాగో వైట్ సాక్స్ 507 పరుగులు చేసి 813 ఇచ్చింది. లెక్క ప్రకారం 45 గెలవాలి, గెలిచింది 41. అంటే 121 ఓటముల్లో అదృష్టం పద్దులో రాయదగ్గవి నాలుగే. మీ జట్టుకి తేడా ఎనిమిదో పదో ఉంటే ఓపిక పట్టండి. లేదంటే లోపం జట్టులోనే ఉంది.

సమస్య: తొమ్మిదింట్లో ఏడో ఇన్నింగ్స్ దాకా ఆట మనదే, ఆ తర్వాత గోవిందా.

కారణం: రిలీవర్లని (మధ్యలో దిగే పిచర్లని) తిట్టేముందు స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) ఎన్ని ఇన్నింగ్స్ వేస్తున్నాడో చూడండి. వారం రోజులుగా నాలుగైదుకే దిగిపోతుంటే బుల్‌పెన్‌లో, అంటే రిలీవర్ల బృందంలో, అందరి చేతులూ అరిగిపోయుంటాయి.

సమస్య: "ఎలాగూ ఓడుతున్నాం, ఆఖరున ఉంటే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ మనదే."

డ్రాఫ్ట్ అంటే కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం, పిక్ అంటే ఆ వంతు. అసలు దెబ్బ తినేది ఇక్కడే. ఈ ఆశతోనే ఆగస్టు, సెప్టెంబరు ఓటముల్ని పంటి బిగువున భరిస్తారు. 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి ఆరు పిక్‌లు లాటరీలో తేలుతున్నాయి. అట్టడుగు మూడు జట్లకీ మొదటి పిక్ అవకాశం సమానమే, తలా 16.5 శాతం. కాబట్టి 105 ఓడినా 121 ఓడినా అదనంగా ఒరిగేదేం లేదు. పైగా లీగ్ జట్ల మధ్య జరిగే ఆదాయ పంపకంలో డబ్బు చెల్లించే జట్టుకి వరసగా రెండేళ్లు లాటరీ పిక్ ఇవ్వరు, తీసుకునే జట్టుకైతే వరసగా మూడో ఏడు ఇవ్వరు. వైట్ సాక్స్ 2024లో ఐదో పిక్ వాడేసుకుంది. అందుకే 121 ఓడిన తర్వాత కూడా 2025లో దక్కింది పదోది! మరుసటి ఏడు 102 ఓడితే మాత్రం లాటరీలో మొదటి పిక్ తగిలింది.

ఐపీఎల్ వేలం చూసి అలవాటైన మనవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడు మర్నాడే మైదానంలోకి దిగడు, కింది స్థాయి మైనర్ లీగుల్లో ఏళ్లు గడవాలి. 2023 మొదటి పిక్, పిచర్ పాల్ స్కీన్స్ మరుసటి మే నెలకే వచ్చేశాడు, 2025లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డూ గెలిచాడు. అదే ఏడు 1.97 ఈఆర్‌ఏతో (ఫీల్డర్ల తప్పులు వదిలేసి తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, ఎంత తక్కువైతే అంత మేలు) వేసినా అతని లెక్క 10 గెలుపులు, 10 ఓటములు. అతని జట్టు పిట్స్‌బర్గ్ 91 ఓడింది. స్టార్టర్ బంతి పట్టేది ఐదారు రోజులకోసారి కదా మరి.

పరిష్కారం: పోయిన రెండేళ్లూ మీ జట్టు ఎన్నో పిక్ తీసుకుందో చూసి ఆ ఆశ ఉంచుకోవాలో వదిలేయాలో తేల్చుకోండి. తర్వాత ట్రేడ్‌లలో (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) ఎవరొచ్చారో చూడండి. 2024 డిసెంబరులో పిచర్ గారెట్ క్రోషేని బోస్టన్‌కి ఇచ్చి వైట్ సాక్స్ నలుగురు కుర్రాళ్లని తెచ్చుకుంది. వాళ్లలో కైల్ టీల్, చేజ్ మైడ్‌రోత్ 2025లోనే ప్రధాన జట్టులో ఆడారు. ఆ జట్టు అభిమానికి చికాగో స్కోరు కన్నా దాని మైనర్ లీగ్ జట్లైన షార్లెట్, బర్మింగ్‌హామ్ స్కోర్లే ఎక్కువ చెబుతాయి.

అంపైర్లు, శాపాలు: వదిలేయండి.

సమస్య: ఇండియాలో పొద్దున్నే మూడ్ పాడవుతోంది.

చికాగోలో సాయంత్రం 6:40 ఆటంటే మనకి తెల్లారి 5:10. అలారం పెట్టేముందు ఆ రోజు స్టార్టర్ ఎవరో చూడండి. మంచివాడైతే లేవండి, లేకపోతే కాఫీ తాగాక స్కోరు చూసుకుంటే చాలు.