నచ్చిన ఒక్క పేరు పట్టుకుని కొత్త కళాకారులను వెతకడం

కొలాజ్ (కాగితాలు, బొమ్మల ముక్కలు అతికించి చేసే కళ), శిల్పం, చిత్రలేఖనం, ఫొటోగ్రఫీలో ఇప్పుడు పనిచేస్తున్నవారి కోసం వెతికితే ఫోను ఎప్పుడూ అవే నాలుగైదు పేర్లు చూపిస్తుంది. నేను ఇలా వెతుకుతున్నాను.

ఇప్పటికే నచ్చిన ఒకరిని తీసుకోండి. ఉదాహరణకు, విశాలమైన కళ్లు, పూలు ముడిచిన కొప్పులతో స్త్రీల భారీ శిరస్సులు రూపొందించే శిల్పి రవీందర్ రెడ్డి. గ్యాలరీల వెబ్‌సైట్లలో కళాకారుల పరిచయం కింద సాధారణంగా ప్రదర్శనల జాబితా ఉంటుంది. వ్యక్తిగత ప్రదర్శనలు వదిలేసి, సామూహిక ప్రదర్శనలు మూడు ఎంచుకోండి. వాటిలో పాల్గొన్న మిగతావారి పేర్లు రాసుకుని, రెండు చోట్ల కనిపించిన పేరును ముందు చూడండి. కేరళలోని కొచ్చిలో 2012లో మొదలైన పెద్ద సమకాలీన కళా ప్రదర్శన కొచ్చి-ముజిరిస్ బినాలే జాబితాలైతే మరీ మేలు, అన్ని మాధ్యమాలవారూ ఒకేచోట దొరుకుతారు. ఒక్కొక్కరివి కనీసం ఐదు కళాకృతులు చూడండి. శిల్పమైతే కింద రాసిన కొలతలు తప్పక చదవండి, ఫోను తెరమీద అరచేతి బొమ్మా ఆరడుగుల విగ్రహమూ ఒకేలా ఉంటాయి.

ఇప్పుడిప్పుడే చదువు ముగించినవారు మాత్రం ఈ పద్ధతికి చిక్కరు. వారి కోసం లలితకళల కళాశాలల విద్యార్థి ప్రదర్శనలకు వెళ్లాల్సిందే.