క్యాంపస్‌కు కంపెనీలు రాని కాలేజీలో చదువుతున్నవారు తొలి ఇంటర్న్‌షిప్, తొలి ఉద్యోగం వెతుక్కొనే పద్ధతి

చిన్న పట్టణాల డిగ్రీ కాలేజీలలో, ప్లేస్‌మెంట్ సెల్ పేరుకు మాత్రమే ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలలో చదువుతున్న పిల్లలకు ఉద్యోగ ప్రయత్నం గురించి అందే సలహాలలో ఎక్కువ భాగం హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలను దృష్టిలో పెట్టుకొని చెప్పినవే. బీకాం చదివే అమ్మాయికి, బీఎస్సీ కెమిస్ట్రీ చదివే అబ్బాయికి వాటివల్ల ఒరిగేది తక్కువ. అటువంటివారి కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఉద్యోగానికి దరఖాస్తు పంపడం మొదలుపెట్టేనాటికి, మీ ఊరి నుంచి బస్సులో వెళ్లి రాగలిగినంత దూరంలో ఉన్న ఏదో ఒక పనిచోట కనీసం రెండు నెలలు నిజంగా పనిచేసి ఉండాలి. ఆ పనిని తడబడకుండా వివరించగలగాలి. మిగిలినవన్నీ దీని తరువాతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను భాగం చేశారు. ఉద్దేశం మంచిదే. అయితే చాలామంది విద్యార్థులు ఏదో ఒక ఆన్‌లైన్ సంస్థకు కొంత డబ్బు కట్టి, నాలుగు వీడియోలు చూసి, సర్టిఫికెట్ దించుకొని ఆ లెక్క పూర్తి చేస్తున్నారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ కాగితం మార్కులకు పనికివస్తుందేమో కాని, ఇంటర్వ్యూలో "అక్కడ మీరు రోజూ ఏం చేసేవారు?" అన్న మొదటి ప్రశ్నకే దాని విలువ తేలిపోతుంది. తప్పనిసరిగా ఎలాగూ వెచ్చించవలసిన ఆ నెలలను నిజమైన పనికి వాడుకోవడమే తెలివైన పని.

ఎక్కడ వెతకాలన్నది మీరు చదివే సబ్జెక్టును బట్టి ఉంటుంది. బీకాం విద్యార్థులు ముందుగా తమ పట్టణంలోని ఆడిటర్ల ఆఫీసులను, టాక్స్ కన్సల్టెంట్లను అడగాలి. వారికి ప్రతి నెలా 11వ తేదీన, 20వ తేదీన జీఎస్టీ రిటర్నుల గడువులు ఉంటాయి. జూలై నెలాఖరుకు ఆదాయపు పన్ను రిటర్నుల ఒత్తిడి పెరుగుతుంది. పని పేరుకుపోయే ఆ రోజుల్లో వోచర్లు ఎంట్రీ చేయడానికి, బిల్లులు వరుసలో పెట్టడానికి మరొక మనిషి అవసరం ఉంటుంది కనుక, మే నెల మొదట్లో అడిగినవారికి అవకాశం దొరికే వీలు ఎక్కువ. సీఏ చదివేవారు తమ కోర్సులో భాగంగా చేసే ఆర్టికల్‌షిప్ వేరు, ఇది వేరు. అడిగేటప్పుడు ఈ తేడా స్పష్టంగా చెప్పండి.

మైక్రోబయాలజీ, జువాలజీ చదివేవారికి భీమవరం, కైకలూరు ప్రాంతాలలోని ఆక్వా ల్యాబులు మంచి బడి వంటివి. చెరువు నీటి ఉప్పదనం, పీహెచ్, అమోనియా, ఆల్కలినిటీ పరీక్షించడం, రొయ్యల నమూనాలను ప్లేటింగ్ చేసి, అంటే పోషక పదార్థం ఉన్న పళ్లెంలో పెంచి, జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెట్టడం అక్కడ రోజువారీ పని. పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా చదివిన సంగతి, నష్టపోతానేమోనన్న భయంతో సీసాలో నీళ్లు పట్టుకొచ్చిన రైతు ఎదురుగా నిలబడినప్పుడు ఎంత బాధ్యతతో కూడినదో అర్థమవుతుంది. ఆ అనుభవం ఉన్న విద్యార్థి ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే మారిపోతుంది.

కెమిస్ట్రీ వారికి జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం పారిశ్రామిక ప్రాంతాలలో మందుల కంపెనీలు ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, బీటెక్ వారు తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతాన్ని మరవకూడదు. మందుల కంపెనీల విషయంలో ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్‌లో పాశమైలారంలో జరిగిన పేలుళ్లలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి మిమ్మల్ని ప్రొడక్షన్ బ్లాకులో వేస్తే, భద్రతా శిక్షణ ఇచ్చిన తరువాతే లోపలికి పంపమని, అత్యవసర ద్వారం ఎక్కడుందో చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

అడిగే పద్ధతి గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫోన్‌లో మెసేజ్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడటం కన్నా, కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లేఖ తీసుకొని, పని తాకిడి లేని వేళ చూసుకొని స్వయంగా వెళ్లడం మంచిది. వెళ్లాక చెప్పవలసింది చాలా తక్కువ: "నమస్కారమండీ. నేను బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ట్యాలీలో వోచర్ ఎంట్రీ, బ్యాంకు రీకన్సిలియేషన్ చేయగలను. మే మొదటి వారం నుంచి జూన్ ఆఖరు వరకు రోజూ పది గంటలకు వచ్చి ఆరింటిదాకా ఉండగలను. మీ ఆఫీసులో పని నేర్చుకొనే అవకాశం ఇప్పించండి." ఇందులో మీకు వచ్చినదేమిటో, ఎన్ని రోజులు రాగలరో రెండూ ఉన్నాయి, ఎదుటివారికి నిర్ణయించుకోవడానికి కావలసింది అంతే. పది చోట్ల అడిగితే ఏడెనిమిది చోట్ల వద్దంటారు. ఆ మాటను మనసుకు పట్టించుకోవలసిన పని లేదు. మీ చదువు మీద వారు ఇచ్చిన తీర్పు కాదు అది.

చేరిన రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టండి. ఆ రోజు చేసిన పని, చేసిన తప్పు, దాన్ని ఎవరు ఎలా సరిదిద్దారు అన్నవి సాయంత్రం రాసుకోండి. కంపెనీ లెక్కలు, ఖాతాదారుల పేర్లు, ఫోటోలు మాత్రం అందులోకి రానివ్వకండి. అవి మీవి కావు. నా దగ్గర చదువుకొన్న ఒక విద్యార్థిని ఆడిటర్ ఆఫీసులో రెండు నెలలు ఇలాగే రాసింది. ఆ తరువాత అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, కొనుగోలు బిల్లు మీద ఉన్న పన్నుకూ జీఎస్టీ పోర్టల్‌లో కనబడే పన్నుకూ తేడా వస్తే ఏం చేస్తారని అడిగారు. ఆమెకు ఆ తేడా ఒకసారి నిజంగానే ఎదురైంది, నోటుపుస్తకంలో ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఉద్యోగం వచ్చింది.

డిగ్రీ పూర్తయినా ఉద్యోగం దొరకనివారు అప్రెంటిస్‌షిప్‌ను చిన్నచూపు చూడకూడదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నడిచే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం, నాట్స్, ఇంజనీరింగ్ వారికే అని చాలామంది అనుకొంటారు. బీఏ, బీకాం, బీఎస్సీ వారికి కూడా అందులో స్థానాలు ఉంటాయి. దక్షిణాది రాష్ట్రాలకు దీన్ని చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. 2019 నిబంధనలు గ్రాడ్యుయేట్లకు నెలకు కనీసం రూ. 9,000, డిప్లొమా వారికి రూ. 8,000 స్టైపెండ్‌గా నిర్ణయించాయి. హైదరాబాదులోని ఈసీఐఎల్, బీడీఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఇలాగే అప్రెంటిస్‌లను తీసుకొంటాయి. ఏడాది గడిచాక అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ లేదు, ఆ ఆశతో చేరకండి. కాని అటువంటి సంస్థలో ఏడాది పనిచేసినట్టు వచ్చే ధ్రువపత్రానికి బయట విలువ ఉంది. నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకోవడానికి ఫలితాలు వచ్చిన నెలలోనే పూనుకోండి.

2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా ప్రారంభమైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మరొక దారి. పెద్ద కంపెనీలలో పన్నెండు నెలల అవకాశం, నెలకు రూ. 5,000, చేరినప్పుడు ఒకసారి రూ. 6,000 ఇచ్చే ఏర్పాటుతో అది మొదలైంది. పూర్తికాలం చదువుతున్నవారికి, ఉద్యోగంలో ఉన్నవారికి అప్పుడు అందులో చోటు ఇవ్వలేదు. వయసు, ఆదాయ పరిమితుల వంటి షరతులను దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లోనే చూసుకోండి. వీటితోపాటు కేంద్ర కార్మిక శాఖ నడిపే ఉద్యోగాల పోర్టల్ నేషనల్ కెరీర్ సర్వీస్, తెలంగాణలో ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్, డిజిటల్ ఉపాధి కేంద్రం డీట్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు ఉన్నాయి. నౌకరీ, లింక్డ్ఇన్, ఇంటర్న్‌శాల సంగతి అందరికీ తెలిసిందే.

రెజ్యూమె ఒక పేజీ చాలు. తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, "కష్టపడి పనిచేసే స్వభావం" వంటి వాక్యాలు తీసివేసి, ఆ చోటును చేసిన పనికి ఇవ్వండి. "ల్యాబ్ అనుభవం ఉంది" అని రాయడానికీ, "రోజుకు పదిహేను నీటి నమూనాలకు ఆల్కలినిటీ టైట్రేషన్ చేశాను" అని రాయడానికీ ఉన్న తేడాను ఎంపిక చేసేవారు క్షణంలో పట్టుకొంటారు. బ్యాక్‌లాగ్‌లు ఉంటే దాచకండి.

మందుల కంపెనీల వాక్-ఇన్ ఇంటర్వ్యూలకు వెళ్లేవారిని క్వాలిటీ కంట్రోల్ విభాగంలో తరచుగా అడిగే ప్రశ్నలు ఇవి: మొలారిటీకి, నార్మాలిటీకి తేడా ఏమిటి, పీహెచ్ మీటరును ఎలా క్యాలిబ్రేట్ చేస్తారు, బీర్-లాంబర్ట్ నియమం ఏమిటి, హెచ్‌పీఎల్‌సీ ఏ సూత్రం మీద పనిచేస్తుంది. వీటికి తెలుగులో ఆలోచించుకొని, చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలలో జవాబు చెప్పడం గట్టిగా పైకి మాట్లాడుతూ సాధన చేయండి. యాసకు ఎవరూ మార్కులు తగ్గించరు. విషయం తెలియక పోతేనే తగ్గిస్తారు.

ఉద్యోగం వచ్చిన తరువాత చేజారిపోయే ఒక కారణం కాగితాలు. ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, టీసీ ఈ మూడింటిని ఫలితాలు రాగానే కాలేజీ నుంచి తెచ్చుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పేరుతో వాటిని ఆపే కాలేజీలు ఉన్నాయన్నది తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన కష్టం. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట ఉటంకిస్తూ ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ఈలోగా ఆఫర్ ఇచ్చిన కంపెనీకి విషయం నిజాయితీగా చెప్పి గడువు అడగండి. కంపెనీ దగ్గర మాత్రం ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోవాలి. వాటిని తాకట్టుగా ఉంచమనే చోట చేరవద్దు.

చివరిగా డబ్బు సంగతి. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, శిక్షణ ఖర్చు, బ్యాక్‌డోర్ ఉద్యోగం, పేరు ఏదైనా సరే, ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగినవారికి ఒక్క రూపాయి ఇవ్వకండి. తల్లిదండ్రులు బంగారం కుదువపెట్టి తెచ్చిన సొమ్ము ఇలా పోయిన ఇళ్లు నేను చూశాను. ఆఫర్ లెటర్ వస్తే, అది కంపెనీ సొంత డొమైన్ ఈమెయిల్ నుంచి వచ్చిందో లేదో చూడండి. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఆ కంపెనీ పేరు వెతకండి. కంపెనీ అధికారిక వెబ్‌సైటులో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి. విదేశీ డేటా ఎంట్రీ ఉద్యోగాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సింగపూర్‌లో ఉద్యోగమని నమ్మించి కంబోడియాకు తరలించి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. విదేశాలకు పంపుతామనే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైనవాడో కాదో చూడకుండా పాస్‌పోర్టు చేతికి ఇవ్వకండి. ఒకవేళ ఇప్పటికే డబ్బు పంపి ఉంటే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయండి, మీ బ్యాంకుకు కూడా చెప్పండి. డబ్బు వేరే ఖాతాలకు మళ్లకముందే ఆపగలిగితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. మెసేజ్‌లు, చెల్లింపు రసీదులు ఏవీ చెరపకండి.