మతం మీద వాదనలో మనసు విరిగితే
పీర్ల పండుగకు (మొహర్రం) అలాయి అనే నిప్పుల గుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి తిరిగే మా నల్లగొండ పల్లెల్లో కూడా, దేవుడి మీద వాదన ముదిరితే ఏళ్లనాటి స్నేహం ఒక్క పూటలో చెడుతుంది. అప్పుడు వెంటనే ఫోన్‌లో సంజాయిషీ పంపకుండా, రెండు రోజులు ఆగి స్వయంగా ఇంటికి వెళ్లి, "మొన్న మీరన్నది నాకు ఇలా అర్థమైంది, అంతేనా అన్నా?" అని ముందు వారి మాటనే వారికి తిరిగి చెప్పి చూడండి, చాలాసార్లు మనమే తప్పుగా విన్నామని తేలి సగం గొడవ అక్కడే తీరిపోతుంది. క్షమాపణ మన నమ్మకానికి కాదు, నోరు జారిన ఆ ఒక్క మాటకే చెప్పాలి. "మీకు బాధ కలిగి ఉంటే" అన్న షరతు మాత్రం పెట్టకూడదు (నా దృష్టిలో అది రెండో అవమానం). చాయ్ హోటల్ దగ్గర నలుగురిలో అన్న మాటనైతే, ఆ నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి.