807 ట్రాన్స్‌మిటర్ మాడ్యులేటర్ మార్చే ముందు జాగ్రత్తలు

పాత 807 వాల్వుల (వాక్యూమ్ ట్యూబుల) ఏఎం రేడియో ట్రాన్స్‌మిటర్‌లో కరెంటు వృథా తగ్గించడానికి మాడ్యులేటర్‌ని (క్యారియర్ తరంగం మీద ఆడియోని ఎక్కించే భాగం) క్లాస్ ఎ (వాల్వులో ఎప్పుడూ కరెంటు పారే పద్ధతి) నుంచి క్లాస్ బి పుష్‌పుల్‌కి (రెండు వాల్వులు వంతులవారీగా పనిచేసే పద్ధతి) మార్చబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి. బ్లీడర్ రెసిస్టర్ (సెట్టు ఆపాక కెపాసిటర్లలో మిగిలిన చార్జ్‌ని ఖాళీ చేసేది) ఉంది కదా అని ధీమా వద్దు. అది లోపల తెగిపోయినా బయటికి తెలియదు. ఫిల్టర్ కెపాసిటర్లను ఇన్సులేటెడ్ పిడి ఉన్న డిశ్చార్జ్ రాడ్‌తో ఖాళీ చేసి, మీటర్‌లో సున్నా వచ్చిందో లేదో చూడండి. 807 నెత్తిమీద టోపీయే ప్లేట్ కనెక్షన్, హెచ్‌టీ (హై టెన్షన్, అంటే ప్లేట్‌కిచ్చే ఎక్కువ వోల్టేజి) మొత్తం అక్కడే ఉంటుంది. ఆ క్లిప్పు ముట్టుకునే ముందు మళ్లీ మీటర్ పెట్టండి. పక్కన మెయిన్ ఆపగలిగే మనిషి ఒకరు ఉండాలి.

మాడ్యులేటర్ ఆడియోని ఫైనల్‌కి (ట్రాన్స్‌మిటర్ చివరి దశకి) అందించే మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి లోడు లేకుండా మాడ్యులేటర్‌కి ఆడియో అస్సలు ఇవ్వొద్దు. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ చిట్లుతుంది. నా దృష్టిలో సెట్టు మొత్తంలో ముందు కాపాడుకోవాల్సింది ఈ ట్రాన్స్‌ఫార్మర్‌నే, ఎందుకంటే అలాంటిది మళ్లీ దొరకడం కష్టం.

– ప్లేట్‌కి 600 వోల్టులిస్తే నూరు శాతం మాడ్యులేషన్‌లో పీక్ 1200కి చేరుతుంది. ట్యాంక్ (ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసే సర్క్యూట్), బైపాస్ కెపాసిటర్లు దాన్ని తట్టుకోవాలి.
– ఫైనల్ ఇన్‌పుట్ 60 వాట్లైతే ఆడియో 30 వాట్లు చాలు.
– ముందు గ్రిడ్ బయాస్ (వాల్వు కరెంటుని అదుపులో ఉంచే వోల్టేజి), తర్వాతే హెచ్‌టీ.
– 807 స్క్రీన్ గ్రిడ్‌ని (వాల్వులో ప్లేట్‌కి ముందుండే రెండో గ్రిడ్) కూడా ప్లేట్‌తో పాటే మాడ్యులేట్ చేయాలి.

మొదటి టెస్ట్ యాంటెన్నా మీద కాదు, డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మార్చే రెసిస్టర్) మీదే. ఆసిలోస్కోప్‌లో క్యారియర్ అడుగు సున్నాకి తగిలి తెగిపోతుంటే గెయిన్ వెంటనే తగ్గించండి, లేకపోతే పక్క ఫ్రీక్వెన్సీల వాళ్లకి ఇబ్బంది.