వెనక ప్యాడ్లు మార్చాక పార్కింగ్ బ్రేక్ లైటు ఆరడం లేదా? కాలిపర్ కొనేముందు ఇవి చూడండి

వెనక బ్రేక్ ప్యాడ్లు వేరేచోట వేయించుకుని, మర్నాడు పొద్దున డాష్‌బోర్డు మీద పసుపు లైటు చూసి టెన్షన్ పడుతూ విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. క్రెటా, సెల్టోస్, ఎక్స్‌యూవీ 700 లాంటి బళ్ల పై వేరియంట్లలో చేత్తో లాగే హ్యాండ్ బ్రేక్ పోయి చిన్న స్విచ్ వచ్చింది కదా, ప్యాడ్లు మార్చే పద్ధతి మాత్రం కొందరు పాతదే వాడుతున్నారు. ఇక కస్టమర్‌కేమో "కాలిపర్ పోయింది సార్, మార్చాలి" అని చెప్పేస్తారు. దయచేసి అప్పుడే డబ్బు తీయకండి.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి. కాలిపర్ అంటే డిస్కుని రెండు వైపులా ప్యాడ్లతో పట్టి అదిమే భాగం. దాని వెనక గుప్పెడంత మోటార్ ఉంటుంది. అది లోపలి మరని తిప్పితే దాని మీదున్న నట్టు ముందుకు జరిగి పిస్టన్‌ని నెడుతుంది, పిస్టన్ ప్యాడ్‌ని డిస్కుకి అదుముతుంది. బ్రేక్ రిలీజ్ చేసినప్పుడు ఆ నట్టు కాస్త వెనక్కి జరిగి ఆగిపోతుంది, చివరిదాకా పోదు. అరిగిన ప్యాడ్ పల్చన, కొత్తది మందం, కాబట్టి కొత్తది పట్టాలంటే పిస్టన్ ఇంకా లోపలికి పోవాలి, నట్టు అడ్డం ఉంటే ఎలా పోతుంది? అక్కడ సి-క్లాంప్ పెట్టి బలవంతంగా బిగిస్తే ఆ ఒత్తిడంతా నట్టు మీద, దాని వెనకున్న గేర్ల మీద పడుతుంది. బాగున్న కాలిపర్ నిజంగా పాడయ్యేది అప్పుడే.

అందుకే సర్వీస్ మోడ్ అని ఒకటి పెట్టారు, నట్టుని చివరిదాకా వెనక్కి లాగి అక్కడే ఉంచడానికి. చాలా బళ్లకి, బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ కావాలి. కొన్నిటికి స్విచ్చూ పెడలూ ఒక వరసలో నొక్కితే సరిపోతుంది, అది మీ బండి మాన్యువల్‌లోనే చూడాలి, ఎవరో వేరే బండికి చేసిన వీడియో చూసి చేయొద్దు. పిస్టన్‌ని చాలా బళ్లలో తిప్పక్కర్లేదు, నెమ్మదిగా నేరుగా నొక్కితే వెళ్లిపోతుంది. ఒకవేళ వెళ్లకపోతే బలం పెంచకండి, సర్వీస్ మోడ్ పడిందో లేదో మళ్లీ చూసుకోండి.

ఇంకో మాట, ఇది ప్రాణం మీదకొచ్చే విషయం. కొన్ని బళ్లు ఇంజన్ ఆపగానే పార్కింగ్ బ్రేక్ వాటంతటవే వేసుకుంటాయి. వేళ్లు కాలిపర్‌లో ఉన్నప్పుడు ఎవరూ స్విచ్ గానీ, స్టార్ట్ బటన్ గానీ ముట్టుకోకూడదు, మా దగ్గర తాళం జేబులో పెట్టుకున్నాకే చక్రం విప్పుతాం. వెనక బ్రేక్ వదిలేసిన బండి కాబట్టి ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టకుండా జాకీ ఎత్తొద్దు. ప్యాడ్లు లేకుండా మోటార్ తిప్పి చూడటం కూడా వద్దు, పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

పని అయిపోయింది, లైటు మాత్రం వెలుగుతూనే ఉంది అనుకుందాం. నేనైతే మొదట వరస తప్పిందేమో అడుగుతాను. ప్యాడ్లు ఎక్కించాక ముందు బ్రేక్ పెడల్‌ని గట్టిపడేదాకా మెల్లగా నొక్కాలి, ఆ తర్వాతే సర్వీస్ మోడ్ తీసి కాలిబ్రేషన్ (కొత్త ప్యాడ్లకి పట్టు ఎక్కడ దొరుకుతుందో కంప్యూటర్‌కి తెలియజేయడం) చేయాలి. పెడల్ నొక్కకుండా స్విచ్ లాగితే నట్టు ఖాళీలో చాలా దూరం పోవాల్సి వస్తుంది, కంప్యూటర్ అనుకున్న చోట పట్టు దొరక్క ఫాల్ట్ వేసేస్తుంది. చాలాసార్లు మళ్లీ సర్వీస్ మోడ్‌లో పెట్టి, పెడల్ నొక్కి, వరసగా చేసుకొస్తే లైటు ఆరిపోతుంది, పైసా ఖర్చుండదు.

తర్వాత బ్యాటరీ. తలుపులు తీసి, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి గంటసేపు పనిచేస్తే బ్యాటరీ దిగిపోతుంది, ఈ మోటార్లకేమో కరెంటు గట్టిగా కావాలి. మీటర్ పెట్టండి. పూర్తి చార్జ్ ఉన్న మామూలు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది, 12 కంటే తక్కువుంటే చార్జర్ తగిలించి తర్వాతే కాలిబ్రేషన్ చేయండి.

ఎర్ర లైటు అయితే బ్రేక్ ఆయిల్ లెవెల్ కూడా చూడండి, అది తగ్గినా చాలా బళ్లలో అదే గుర్తు వెలుగుతుంది. ఏబీఎస్ లైటు కూడా తోడైతే చక్రం దగ్గర సెన్సార్ వైరు లాగేసి ఉంటారు.

ఇప్పుడు చెవి పెట్టండి. ఒకరు లోపల కూర్చుని స్విచ్ లాగితే, మీరు వెనక చక్రం పక్కన వంగి వినండి. "జుయ్య్" అని సన్నగా మొదలై, బరువు పడేసరికి గొంతు బొంగురుపోయినట్టు మారి ఆగాలి. రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒక వైపు అసలు చప్పుడే లేకపోతే కనెక్టర్ లాక్ "టిక్" అని పడిందో లేదో చూడండి, ఫ్యూజ్ చూడండి, కనెక్టర్ విప్పి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో టార్చ్ వేసి చూడండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్న బళ్లయితే ఇది తప్పక చూడాలి, చిలుము లోపల్లోపలే తినేస్తూ ఉంటుంది, ప్యాడ్లు మార్చేటప్పుడు కనెక్టర్ కదిలిందంటే అప్పుడు బయటపడుతుంది.

స్విచ్ లాగినప్పుడు కనెక్టర్ దగ్గరికి వోల్టేజ్ వస్తోంది, మోటార్ మాత్రం తిరగడం లేదు, అప్పుడు మోటార్ మీద అనుమానపడొచ్చు. అప్పుడు కూడా మొత్తం కాలిపర్ కొనక్కర్లేదు, చాలా బళ్లలో మోటార్ రెండు స్క్రూలతో విడిగా ఊడొస్తుంది, దాన్ని ఒక్కటే మార్చుకోవచ్చు. మోటార్ తిరుగుతున్న చప్పుడు వస్తూ బ్రేక్ పట్టకపోతే మాత్రం లోపల గేరో నట్టో పోయినట్టే.

అన్నీ సరిచేశాక కంప్యూటర్‌లో పడ్డ ఫాల్ట్ కోడ్లు స్కానర్‌తో క్లియర్ చేసి, బందరు రోడ్డు మీద పోరంకి దాకా వెళ్లి రండి. దిగాక రిమ్‌ని ముట్టుకోకుండా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ఒక వైపు చక్రమే సెగ కొడుతుంటే ఆ వైపు బ్రేక్ పూర్తిగా వదల్లేదు. ఆఖరికి మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద, కింద ఎవరూ లేనప్పుడు, బండి ఆపి న్యూట్రల్ చేసి పార్కింగ్ బ్రేక్ వేయండి, కాలు బ్రేక్ పెడల్ పైనే సిద్ధంగా ఉంచి మెల్లగా వదలండి. టైరు పక్కన నేల మీద సుద్దముక్కతో గీత గీయమని ఎవరికైనా చెప్పి, మీరు సీటులోనే ఉండి ఐదు నిమిషాలు ఆగండి. టైరు ఆ గీత దగ్గరే ఉంటే పని సరిగ్గా అయినట్టే.